కాలినను నశింపని సాక్ష్యము

ధ్యానభాగములు: యిర్మీయా 36వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 6, 7 అధ్యాయములు



ఈ నెల ధ్యానమునకు మేము ఏర్పరచుకొన్నది ఒక పల్లెపడుచు జీవితము. ఆమె ఫ్రాన్సు దేశస్థురాలు. పేరు జోన్, లోకము ఆమెను జోన్ ఆఫ్ ఆర్క్ అని పిలుచుచున్నది. ఆమె చదువు నేర్చినది కాదు. గొప్ప వంశమున పుట్టినది కాదు. సుమారు పందొమ్మిదేండ్ల ప్రాయమున, మతద్రోహియను ముద్రతో, సంత జరుగు చోట కొయ్యకు కట్టబడి సజీవముగా కాల్చబడెను. అది 1431వ సంవత్సరము మే 30వ తేదీ. నాటికిని నేటికిని నడుమ దాదాపు ఆరు వందల సంవత్సరములు గడచినవి. అయినను ఆమె ముఖము నేటికిని జనుల కన్నుల యెదుట నున్నది. అందుకు ఒక కారణము 1928వ సంవత్సరములో వెలువడిన ఒక మూకీ చిత్రము. దాని పేరు జోన్ ఆఫ్ ఆర్క్ శ్రమలు అని అర్థమిచ్చునది.

సంఘపత్రికలో సినిమా ప్రస్తావన యేల అని మన పెద్దలలో కొందరు అడుగవచ్చును. అడుగుట తప్పు కాదు. కాలక్షేపమునకై చూచు ఆటలను గూర్చి మేమిక్కడ వ్రాయుట లేదు. ఈ చిత్రములో పాటలు లేవు, మాటలు వినబడవు, వినోదము లేదు. ఉన్నదంతయు ఒక్కటే: దేవుని పేరిట కూర్చున్న పండితులును, వారి యెదుట ఒంటరిగా నిలిచిన ఒక చిన్నదియును. దేవుని పేరిట తీర్పు తీర్చు ప్రతి సంఘమును ఆ చిన్నదాని ముఖమును ఒకసారి చూడవలసియున్నది. అందుచేతనే ఆమె కథయు, ఆ చిత్రపు కథయు కలిపి మీకు చెప్పుచున్నాము.

పల్లెలో పెరిగిన బిడ్డ

జోన్ 1412వ సంవత్సర ప్రాంతమున, ఫ్రాన్సు తూర్పు దిక్కున నున్న డోంరెమీ అను చిన్న గ్రామములో పుట్టెను. తండ్రి జాక్ సేద్యము చేయువాడు. తల్లి ఇసబెల్. ప్రభువు ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును ఆమెకు నేర్పినది తల్లియే. నూలు వడకుట, బట్ట కుట్టుట నేర్చెను గాని అక్షరములు నేర్వలేదు. మన పల్లెలలో అమ్మమ్మల నోట వాక్యము విని, అక్షరము రాకయే ప్రార్థనాపరులైన స్త్రీలు ఎందరో గలరు. జోన్ కూడ అట్టి యింటి బిడ్డయే.

ఆ దినములలో ఫ్రాన్సునకును ఇంగ్లండునకును నూరేండ్ల యుద్ధము జరుగుచుండెను. అది 1337లో మొదలై 1453 వరకు సాగెను. ఉత్తర ఫ్రాన్సులో అధిక భాగము ఇంగ్లీషువారి చేతిలోను, వారితో పొత్తుగల బర్గండీ ప్రభువు చేతిలోను ఉండెను. ఫ్రాన్సు యువరాజగు చార్లెస్‌కు పట్టాభిషేకమైనను కాలేదు. సైనికులు పల్లెల మీదపడి పశువులను తోలుకొనిపోవుచుండిరి. 1428లో డోంరెమీ జనులు కూడ ఇండ్లు విడిచి పారిపోవలసి వచ్చెను. యుద్ధము రాజులు చేయుదురు, దాని భారము రైతు మోయును. అది ఆ దేశములోను అంతే.

తనకు సుమారు పదమూడేండ్లప్పుడు పరలోకమునుండి స్వరములు వినబడసాగెనని జోన్ తరువాత చెప్పెను. ప్రధానదూతయు, ఇద్దరు పరిశుద్ధ స్త్రీలును తనతో మాటలాడిరని ఆమె నమ్మెను. ఇక్కడ మేము దాపరికము లేక చెప్పవలసియున్నది. చనిపోయిన పరిశుద్ధులు మనతో మాటలాడుదురని మన సంఘములు బోధింపవు. ప్రతి ఆత్మను పరీక్షించవలెనని యోహాను తన మొదటి పత్రిక నాల్గవ అధ్యాయములో మనకు ఆజ్ఞాపించెను. ఆమె విన్నది ఎట్టిదో తీర్చి చెప్పుట మా పని కాదు. ఆమె పుట్టినది సంస్కరణోద్యమమునకు నూరు సంవత్సరములకు ముందు. తన కాలములో తన సంఘము నేర్పినంత వెలుగులోనే ఆమె నడిచెను. ఆ వెలుగులో ఆమె ఎంత నమ్మకముగా నడిచెననునదే మనము చూడవలసినది.

1429 ఆరంభములో ఆమె ఇల్లు విడిచి, పురుషుల దుస్తులు ధరించి, శత్రువుల దేశము గుండ ప్రయాణము చేసి, షినాన్ కోటలో యువరాజు దర్శనము చేసికొనెను. పండితులు ఆమెను వారముల తరబడి ప్రశ్నించి దోషము కనుగొనలేకపోయిరి. అంతట ఆమెను సైన్యముతో ఆర్లియన్స్ పట్టణమునకు పంపిరి. ఆ పట్టణమును ఇంగ్లీషువారు అంతకుముందు అక్టోబరు నుండి ముట్టడించియుండిరి. జోన్ ఏప్రిల్ 29న చేరెను. మే 8న శత్రువులు ముట్టడి విడిచి వెళ్లిపోయిరి. జూలై 17న రీమ్స్ పట్టణపు దేవాలయములో చార్లెస్‌కు పట్టాభిషేకము జరిగెను. పల్లెనుండి వచ్చిన పదునేడేండ్ల పిల్ల జెండా పట్టుకొని రాజు చెంత నిలిచెను.

కత్తి పట్టిన యుద్ధములను దేవుని రాజ్యముతో కలుపుట మనకు తగదు. ప్రభువు పేతురుతో కత్తిని ఒరలో పెట్టుమని చెప్పిన సంగతి మనమెరుగుదుము. కాని జోన్ జీవితములో మనలను నిలువదీయునది ఆమె జయము కాదు, ఆ జయము పోయిన తరువాతి దినములు.

విడువబడిన దినములు

1430 మే 23న కొంపియెన్ పట్టణము వెలుపల బర్గండీ సైనికులు ఆమెను పట్టుకొనిరి. ఇంగ్లీషువారు పదివేల లీవ్రుల సొమ్ము చెల్లించి ఆమెను కొనిరి. ఆమెవలన కిరీటము పొందిన రాజు ఆమెను విడిపించుటకు గట్టి ప్రయత్నము చేసినట్లు కనబడదు. ఉపకారము పొందినవాడు మరచిపోవుట కొత్త కాదు. చెరసాలలో యోసేపును పానదాయకుల అధిపతి మరచిపోయిన సంగతి ఆదికాండములో చదువుచున్నాము గదా.

ఆమెను రూవాన్ పట్టణమునకు తెచ్చి కోటలో బంధించిరి. మతసంబంధమైన నేరము మోపబడిన స్త్రీని సంఘము వారి చెరలో, స్త్రీల కాపలాలో ఉంచవలెను. అది ఆనాటి పద్ధతి. కాని ఆమెను సంకెళ్లతో, ఇంగ్లీషు సైనికుల కాపలాలో ఉంచిరి. ఒక ఆడపిల్లకు రాత్రింబవళ్లు మగసైనికులు కాపలా! పురుషుల దుస్తులు విడువనని ఆమె పట్టుబట్టుటకు ఇదియు ఒక కారణమని తరువాత సాక్ష్యమిచ్చినవారు చెప్పిరి. అయితే ఆ దుస్తులనే ఆమె మీద ఒక పెద్ద నేరముగా మోపిరి.

విచారణకు అధ్యక్షుడు బోవే బిషప్పగు పియేర్ కోషోన్. ఆయన ఇంగ్లీషువారి పక్షమువాడు. 1429లో చార్లెస్ పక్షము గెలిచినప్పుడు తన పట్టణము విడిచిపోవలసి వచ్చినవాడు. పారిస్ విశ్వవిద్యాలయపు వేదపండితులు ఆయనతో కూర్చుండిరి. దినదినమును పదుల కొలది గురువులు, న్యాయశాస్త్రజ్ఞులు ఒక వైపు. అక్షరము రాని పిల్ల ఒక వైపు. ఆమె పక్షమున మాటలాడుటకు వకీలు లేడు. తల్లి లేదు, తండ్రి లేడు, ఊరివారు లేరు.

ఒక దినమున వారామెను, నీవు దేవుని కృపలో నున్నావా అని అడిగిరి. ఇది ఉరి వంటి ప్రశ్న. ఉన్నానని చెప్పినయెడల, మనుష్యుడు ఎరుగలేని దానిని ఎరుగుదునని గర్వించినదగును. లేనని చెప్పినయెడల, తన నేరమును తానే ఒప్పుకొన్నదగును. ఆమె ఈ రెండును చెప్పలేదు. తాను ఏ స్థితిలో నున్నను తన్ను కృపలోనికి తెచ్చువాడును, కృపలో నిలుపువాడును దేవుడేయని ఆయన చేతికి అప్పగించి ఊరకుండెను. ఆ మాటకు పండితులు నివ్వెరపోయిరని అక్కడనున్న లేఖకుడు తరువాత చెప్పెను. అధిపతుల యెదుటికి తేబడినప్పుడు ఏమి చెప్పుదుమాయని చింతింపవద్దని ప్రభువు మత్తయి సువార్త పదవ అధ్యాయములో సెలవిచ్చెను. ఆ వాగ్దానము చదువుకొన్నవారికి మాత్రమే ఇయ్యబడినది కాదు.

మొదట డెబ్బది నేరములు వ్రాసి, తరువాత వాటిని పండ్రెండుగా కుదించిరి. మే 24న ఆమెను ఒక శ్మశానభూమిలో జనసమూహము యెదుట నిలువబెట్టి, ఒప్పుకొననియెడల అగ్నియే గతియని భయపెట్టిరి. ఆమె భయపడెను. వారిచ్చిన కాగితము మీద గురుతు పెట్టెను. అంతట మరణశిక్షకు బదులు జీవితాంతము చెరసాల విధించిరి.

ఈ సంగతిని కొందరు దాచిపెట్టుదురు. మేము దాచము. పరిశుద్ధ గ్రంథము పేతురు మూడుసార్లు బొంకిన సంగతిని దాచినదా? నాలుగు దినములు గడువక మునుపే జోన్ మరల పురుషుల దుస్తులలో కనబడెను. అగ్నికి భయపడి సత్యమును కాదన్నానని, అట్లు చేయుట తప్పని ఆమె చెప్పెను. ఆ మాటతో తన మరణమును తానే కోరి తెచ్చుకొనుచున్నానని ఆమె ఎరుగును. ఎరిగియే చెప్పెను. ఎన్నడును భయపడనివాని ధైర్యము వేరు. ఒకసారి భయపడి, పడిపోయి, లేచి వచ్చినవాని ధైర్యము వేరు. మనబోటి వారికి ఆదరణ కలిగించునది ఈ రెండవదియే.

మే 30 ఉదయమున ఆమెను రూవాన్ పాత సంతబజారునకు తెచ్చిరి. ఆమె ఒక సిలువ కావలెనని అడిగెను. ఒక ఇంగ్లీషు సైనికుడు పుల్లలతో చిన్న సిలువ చేసి యిచ్చెను. దగ్గరి దేవాలయమునుండి ఒక సన్యాసి సిలువను తెచ్చి, మంటలలో నుండి ఆమెకు కనబడునట్లు ఎత్తి పట్టుకొనెను. ఆమె యేసు నామమును మరల మరల పిలుచుచు ప్రాణము విడిచెను. ఆమె బూడిదను సేన్ నదిలో కలిపిరి. ఆమెకు సమాధి లేదు.

తల్లి మొర

అంతటితో ఆ కథ ముగిసినదని న్యాయాధిపతులు తలంచియుందురు. కాని ఇసబెల్ బ్రదికియుండెను. ఆ విధవరాలు 1455 నవంబరు 7న పారిస్ పట్టణములోని గొప్ప దేవాలయములోనికి వచ్చి, తన బిడ్డకు జరిగిన అన్యాయమును తిరిగి విచారింపుడని మొరపెట్టుకొనెను. బిడ్డ పోయి ఇరువదినాలుగు సంవత్సరములు దాటెను. లూకా సువార్త పదునెనిమిదవ అధ్యాయములో న్యాయాధిపతిని విసుగక అడిగిన విధవరాలు మనకు జ్ఞాపకము వచ్చుచున్నది గదా. నూరుమందికి పైగా సాక్షులను విచారించిరి. డోంరెమీలో ఆమెతో ఆడుకొన్నవారు, ఆర్లియన్స్‌లో ఆమెను చూచినవారు, రూవాన్‌లో విచారణ వ్రాసినవారు సాక్ష్యమిచ్చిరి. 1456 జూలై 7న మొదటి తీర్పు చెల్లదని ప్రకటించిరి. తన కిరీటము మతద్రోహి చేతి మీదుగా వచ్చినదను నింద పోవలెనని చార్లెస్ రాజు కోరికయు అందులో కలదు. రాజు తన లాభము చూచుకొనెను. తల్లి తన బిడ్డ పేరు చూచుకొనెను. దేవుడు తల్లి మొర ఆలకించెను.

1920లో రోమా సంఘము ఆమెను పరిశుద్ధురాలిగా ప్రకటించెను. మనము పరిశుద్ధులకు ప్రార్థింపము. అయినను విశ్వాసముచేత అగ్నిబలమును ఎదిరించినవారిని గూర్చి హెబ్రీ పత్రిక చెప్పునది చదివినప్పుడు, ఆమెను తలంచుకొనుటలో తప్పులేదు.

ఒక్క విషయము గమనించుడి. విచారణలో ప్రశ్నలను, జవాబులను లేఖకులు వ్రాసి పెట్టిరి. ఆమెను దోషిగా నిరూపించుటకే ఆ వ్రాత. కాని ఆ వ్రాతయే ఆమె పక్షమున సాక్షిగా మిగిలెను. న్యాయాధిపతుల ప్రసంగములను ఎవరును జ్ఞాపకముంచుకొనలేదు. ఆ పిల్ల జవాబులను మాత్రము లోకము నేటికిని చదువుచున్నది. ఆ వ్రాతనుండియే ఆ మూకీ చిత్రము పుట్టెను.

ముఖములతో చెప్పిన కథ

ఆ చిత్రమును తీసినవాడు కార్ల్ థియోడర్ డ్రయ్యర్. డెన్మార్కు దేశపు కోపెన్‌హాగన్‌లో 1889లో పుట్టెను. అతని తల్లి స్వీడన్‌నుండి వచ్చిన పేద పనిమనిషి, అవివాహిత. ఆమె బిడ్డను ఇతరులకు అప్పగింపవలసి వచ్చెను. బిడ్డకు రెండేండ్లయినను నిండకమునుపే ఆమె మరణించెను. డ్రయ్యర్ అను కుటుంబము అతనిని దత్తు తీసికొని పెంచెను. లోకముచేత తీర్పు తీర్చబడి, ఒంటరిగా బాధపడిన స్త్రీల కథలను అతడు జీవితకాలమంతయు చిత్రములుగా తీసెను. ఎరుగని తల్లి దుఃఖము అతనిని వెంటాడెనని తలంచుట సహజమే.

ఒక ఫ్రెంచి సంస్థ పిలుపు మీద అతడు 1927లో పారిస్ దగ్గర ఈ చిత్రము తీసెను. కోటయు, గోడలును ఎంతో ఖర్చుతో కట్టించిరి. తీరా చిత్రములో అవి సరిగా కనబడవు. అతడు యుద్ధములను చూపలేదు, పట్టాభిషేకము చూపలేదు. మాసముల తరబడి సాగిన విచారణను ఒక్క దినమున జరిగినట్లు కుదించి, మనుష్యుల ముఖములనే తెరనిండ చూపెను. ఎవరి ముఖమునకును రంగు పూయనీయలేదు. న్యాయాధిపతుల చర్మము మీది ముడుతలు, పులిపిరులు, పెదవులు విరుచుట, కన్నులు చికిలించుట అన్నియు కనబడును. రూపమును గాక హృదయమును యెహోవా లక్ష్యపెట్టునని సమూయేలు మొదటి గ్రంథము మనకు నేర్పినది. ఈ చిత్రములో మనుష్యుని ముఖమే అతని హృదయమునకు కిటికీ యైనట్లున్నది.

జోన్‌గా నటించినది ఫాల్కొనెట్టి అను రంగస్థల నటి. డ్రయ్యర్ ఆమెను ఒక తేలికపాటి నాటకములో చూచి, ఆ అలంకరణ చాటున మరియొక ముఖము గలదని గ్రహించెను. చిత్రము కొరకు ఆమె తల వెండ్రుకలు నిజముగానే కత్తిరించిరి. ఆ తరువాత ఆమె మరి ఏ చిత్రములోను అట్టి పాత్ర ధరింపలేదు. 1946లో మరణించెను. ఆ ఒక్క చిత్రముతోనే ఆమె పేరు నిలిచెను.

అందులోని కొన్ని ఘట్టములు మీకు చెప్పెదము. చెరసాల నేల మీద కిటికీ కమ్ముల నీడ సిలువ ఆకారముగా పడును. జోన్ దానిని చూచి సంతోషించును. అంతలో ఆమెను మోసపుచ్చుటకు వచ్చిన గురువు లోపలికి అడుగుపెట్టగా, ఆ సిలువ అతని నీడలో మాయమగును. సైనికులు గడ్డితో అల్లిన కిరీటము ఆమె తలమీద పెట్టి, చేతికి బాణమిచ్చి ఎగతాళి చేయుదురు. ముండ్ల కిరీటము ధరించిన మన ప్రభువును తలంపక ఆ ఘట్టము చూడలేము. కడపట కొయ్యకు కట్టునప్పుడు తాడు జారి క్రిందపడును. జోన్ వంగి ఆ తాడును తీసి, తన్ను కట్టువానికే అందించును. ఆ ఒక్క క్షణములో మాట లేదు. బొచ్చు కత్తిరించువారి యెదుట మౌనముగా నున్న గొఱ్ఱెను గూర్చి యెషయా వ్రాసినది ఎన్నో ప్రసంగములలో విన్నాము. ఆ తాడు అందించిన చేతులు ఆ మౌనమును కంటికి చూపుచున్నవి.

మాటలు లేనందున ఆ చిత్రమునకు నష్టము కలుగలేదు. తెరమీద అప్పుడప్పుడు కొన్ని అక్షరములు వచ్చును, అంతే. ఏ భాషవాడైనను, చదువు రానివాడైనను ఆ ముఖము చూచి సంగతి గ్రహింపగలడు. చదువురాని పిల్ల కథను చదువురానివారును గ్రహించునట్లు చెప్పుట తగియేయున్నది.

రెండుసార్లు అగ్నిలో

ఆ చిత్రమును మొదట 1928 ఏప్రిల్ 21న కోపెన్‌హాగన్‌లో చూపిరి. ఫ్రాన్సులో చూపుటకు ముందు పారిస్ ఆర్చిబిషప్పును, ప్రభుత్వమువారును కొన్ని భాగములు తీసివేయించిరి. ఇంగ్లీషు సైనికులను చెడుగా చూపినదని ఇంగ్లండులో కొంతకాలము నిషేధించిరి. ఐదు వందల యేండ్ల నాటి సంగతి అప్పటికిని పెద్దలకు గుచ్చుకొనెను!

1928 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన అగ్నిప్రమాదములో చిత్రపు అసలు ప్రతి కాలిపోయెను. డ్రయ్యర్ నిరాశపడక, మిగిలియున్న వేరు తునకలనుండి రెండవ ప్రతిని కూర్చెను. 1929లో మరియొక అగ్నిప్రమాదములో అదియు కాలిపోయెను. అగ్నిలో చనిపోయిన పిల్లను గూర్చిన చిత్రము రెండుమారులు అగ్నిపాలాయెను. తరువాత లోకము చూచినవి అతుకుల బొంతవంటి ప్రతులే. డ్రయ్యర్ మరికొన్ని గొప్ప చిత్రములు తీసెను. వాటిలో ఒకటి 1955లో వెలువడిన వాక్కు. అది కాయ్ మూంక్ అను లూథరన్ పాదిరి వ్రాసిన నాటకము. ఆ పాదిరిని నాజీలు 1944లో కాల్చి చంపిరి. యేసు ప్రభువు జీవితమును చిత్రముగా తీయవలెనని డ్రయ్యర్ ఎంతో కాలము ప్రయాసపడి కథ వ్రాసి సిద్ధపరచెను గాని, అది తీరకయే 1968లో మరణించెను. తాను మొదట కూర్చిన జోన్ చిత్రము శాశ్వతముగా పోయినదనియే తలంచి కన్ను మూసెను.

కాని 1981లో నార్వే దేశపు ఓస్లోలో ఒక మానసిక వైద్యశాలలో సామాను గది సర్దుచుండగా, కొన్ని చిత్రపు డబ్బాలు బయటపడెను. వాటిని తెరచి చూడగా, కత్తిరింపులకు ముందటి మొదటి రూపమే దాదాపు చెక్కుచెదరక అందులో నుండెను. లోకము బుద్ధిహీనులని ప్రక్కకు నెట్టినవారి ఇంటిలో, ఎవరును ఎరుగక, ఏండ్ల తరబడి అది భద్రముగా నుండెను. 1995లో రోమా సంఘపువారు గొప్ప చిత్రములని ప్రకటించిన నలువదియైదింటిలో ఇదియు చేరెను. ఒకప్పుడు ఆర్చిబిషప్పు కత్తిరించిన దానినే తరువాతివారు ఘనపరచిరి. నేడును అనేక దేశములలో దానిని దేవాలయములలో సహితము వాద్యబృందముతో చూపుచుందురు.

యిర్మీయా 36వ అధ్యాయము ఇక్కడ మనకు తోచుచున్నది. యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటి ముందర కూర్చుండెను. గ్రంథములో మూడు నాలుగు పుటలు చదువగానే చాకుతో కోసి నిప్పులలో వేయించెను. దేవుడు ప్రవక్తతో మరియొక చుట్ట తీసికొని మరల వ్రాయుమనెను. బారూకు మరల వ్రాసెను. అట్టి మాటలు మరి అనేకములు దానికి చేర్చబడెను. మనుష్యుడు తీసిన చిత్రము దేవుని వాక్యము కాదు. రెండింటిని సమానము చేయరాదు. అయినను ఒక్క సంగతి మాత్రము రెండింటిలోను తేటగా నున్నది. అగ్ని కాగితమును కాల్చగలదు, దేహమును కాల్చగలదు. నిజము పలికిన మాటను కాల్చలేదు.

మన సంఘములకు

ఇప్పుడు మన మధ్యకు వత్తము. మనము ఎవరిని కాల్చుట లేదు. కాని మన సంఘపు పెద్దలు కూర్చుండి విచారణ చేయు దినములు గలవు. ఒక విధవరాలిని గూర్చి మాట వచ్చును. ఒక ఆడపిల్ల ఎవరితోనో మాటలాడినదని వచ్చును. ఒక కూలివాడు చందా ఇయ్యలేదని వచ్చును. పదిమంది పెద్దలు చాపమీద కూర్చుందురు. ఆ మనిషి చేతులు కట్టుకొని నిలువబడును. నలుదిక్కులనుండి ప్రశ్నలు వచ్చును. ఆ మనిషి పక్షమున మాటలాడువాడు ఎవడు? విచారణకు ముందే తీర్పు మన మనస్సులో ఉన్నదా? మన ముఖములను ఎవరైనను ఆ వేళ తెరమీద చూపినయెడల, అందులో కాపరి ముఖము కనబడునా, కోషోన్ ముఖము కనబడునా?

మహాసభలో స్తెఫనును విచారించినవారు లేఖనములెరుగని వారు కారు. మన ప్రభువుకు మరణశిక్ష తగునన్న ప్రధానయాజకుడు దేవాలయము నెరుగనివాడు కాడు. కోషోనును వేదము చదివినవాడే. గ్రంథము చేతిలో నుండుట ఒకటి, గ్రంథకర్త హృదయము మన హృదయములో నుండుట మరియొకటి. స్తెఫను ముఖము దేవదూత ముఖమువలె కనబడెనని అపొస్తలుల కార్యములు చెప్పుచున్నది. ఆ ముఖమును చూచియు వారు రాళ్లు రువ్విరి. వారు చూచిరి గాని చూడలేదు.

ఆ చిత్రములో న్యాయాధిపతుల నడుమనుండి ఒకడు లేచి ఆమె యెదుట మోకరించును. వెంటనే అతనిని బయటికి పంపివేయుదురు. అతనివలన తీర్పు మారలేదు. అయినను అతడు లేవకుండినయెడల ఆ సభలో మనుష్యుడు ఒక్కడును లేకపోయెననవలసి వచ్చును. మన సంఘపు కూటములలో అట్లు లేచువాడు ఒక్కడుండవలెను. ఆ ఒక్కడు మీరేల కాకూడదు?

నిందింపబడి ఒంటరిగా నిలిచినవారు ఈ పుటలు చదువుచున్నయెడల, లేక ఎవరైనను చదువగా వినుచున్నయెడల, వారికి ఒక్క మాట. మీకు చదువు రాకపోవచ్చును. మీ పక్షమున ఎవరును లేకపోవచ్చును. భయపడి ఒకసారి మాట తప్పియు ఉండవచ్చును. తప్పిన పేతురు కొరకు ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి, రొట్టెయు చేపయు సిద్ధపరచి కాచుకొనియుండెను. న్యాయాధిపతులు రాజేసిన నిప్పు ఒకటి, ప్రభువు రాజేసిన నిప్పు ఒకటి. మొదటిది దేహమును కాల్చును. రెండవది చలిలో వచ్చినవానిని వెచ్చపరచి, అన్నము పెట్టి, మరల పనికి పంపును. మన సంఘములలో ఈ రెండవ నిప్పు ఆరిపోకుండ ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.